కొండవాలు మీద లేఅవుట్ వేస్తే గెడ్డ సముద్రానికి ఏం మోస్తుంది? క్యూజీఐఎస్‌లో లెక్క

వాన పడ్డప్పుడు గెడ్డ (వాగు) ఎంత నీటిని, ఎంత కాలుష్యాన్ని సముద్రంలోకి మోస్తుందో, పటాలతో పనిచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కకట్టే పద్ధతి ఇది. విశాఖ మొత్తాన్ని ఒకేసారి పెట్టుకోకండి, తప్పెక్కడ దొర్లిందో దొరకదు. సముద్రంలో కలిసే గెడ్డ ఒక్కటి ఎంచుకోండి.

30 మీటర్ల గడులున్న ఎస్ఆర్‌టీఎం (షటిల్ రాడార్‌తో తీసిన) ఎత్తుల పటం, 10 మీటర్ల గడులున్న ఈసా (యూరప్ అంతరిక్ష సంస్థ) వరల్డ్‌కవర్ 2021 భూవినియోగ పటం దింపుకోండి. రెండూ మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర జోన్‌లోకి (ఈపీఎస్‌జీ 32644) మార్చాలి. డిగ్రీల్లో వదిలేస్తే విస్తీర్ణాలు తప్పుతాయి. భూవినియోగ పటానికి 'నియరెస్ట్ నైబర్' (దగ్గరి గడి విలువనే తీసుకునే) పద్ధతే వాడండి. సగటు తీస్తే చెట్ల కోడ్ 10కీ, కట్టడాల కోడ్ 50కీ నడుమ 30 వచ్చి, లేని గడ్డిభూమి పుడుతుంది.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే: కాంక్రీటు గోడల మధ్య ఇరుకుగా పారే గెడ్డ 30 మీటర్ల గడిలో కనబడదు, నీరు పటంలో వీధుల వెంట పోతుంది. గెడ్డ గీతను ఉపగ్రహ చిత్రం మీద చేత్తో గీసి, రాస్టర్‌గా (గడుల పటంగా) మార్చి, ఆ గడుల ఎత్తులోంచి 5 నుంచి 10 మీటర్లు తీసేయండి. తర్వాత క్యూజీఐఎస్‌లోంచే వాడుకోగల గ్రాస్ సాఫ్ట్‌వేర్‌లోని, నీరు పారే దారులు గీసే ఆర్.వాటర్‌షెడ్ నడపండి, థ్రెషోల్డ్ (కనీస పరీవాహకం) 1000 గడులు (సుమారు 0.9 చదరపు కిలోమీటర్లు). ఒక బిందువుకు నీరందించే పరీవాహకాన్ని గీసే ఆర్.వాటర్.అవుట్‌లెట్‌కు ఇచ్చే బిందువు సరిగ్గా ప్రవాహపు గడి మీదే ఉండాలి. ఒక్క గడి పక్కకు జరిగినా పరీవాహకం కొద్ది గడులకే కుంచించుకుపోవచ్చు.

ఇక వాన. ప్రతి నేల రకానికీ, వినియోగానికీ కర్వ్ నంబర్ (సీఎన్: ఎంత ఎక్కువైతే వాన నీరు అంత ఎక్కువ పారుతుంది) ఇచ్చి, రాస్టర్ కాలిక్యులేటర్‌లో మిల్లీమీటర్లలో ఇలా వేయండి: ఎస్ (నేల పట్టి ఉంచగల నీరు) = 25400/సీఎన్ − 254; పారే నీరు = (వాన − 0.2ఎస్)² / (వాన + 0.8ఎస్). వాన 0.2ఎస్ దాటని చోట సున్నా పెట్టండి, లేకపోతే వర్గం చేయడం వల్ల దొంగ ప్రవాహం వస్తుంది. బీ రకం (నీరు ఓ మోస్తరుగా ఇంకే) నేలలో ఓ మోస్తరు అడవికి సీఎన్ 60, కిక్కిరిసిన ఇళ్లకు 85. 100 మి.మీ. వానకు అడవి వదిలేది 19 మి.మీ., ఇళ్లు వదిలేది 61.

ఆ నీటితో కొట్టుకుపోయే కాలుష్యం లెక్క ఇది: పారే నీటి మి.మీ. × హెక్టార్లు × లీటరుకు మిల్లీగ్రాములు × 0.01 = కిలోలు. నైట్రోజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములనుకుంటే ఇళ్ల హెక్టారు నుంచి 1.22 కిలోలు. ఆ గాఢత పరాయి దేశపు పట్టికలోంచి తెచ్చుకుంటే కిలోలను నమ్మకండి. రెండు వినియోగాల మధ్య నిష్పత్తినే చూడండి. నమ్మదగ్గ కిలోలు కావాలంటే తొలి వానకు, ఆటు సమయంలో, ఉప్పు చేరని చోట గెడ్డ నీటిని వరసగా పట్టి పరీక్షించాలి. వాన లేని రోజు కూడా ఒకటి పట్టండి. అది మురుగు వాటా, భూవినియోగం ఖాతాలో వేయకూడదు. తవ్విన కొండల ఎర్రబురద ఈ సూత్రానికి అందదు, దానికి ఆర్‌యూఎస్ఎల్ఈ (నేల కోతను అంచనా వేసే సూత్రం) విడిగా నడపాలి.