క్యాచ్ క్యాన్ కొనేముందు తెల్లగుడ్డతో ఒకసారి తుడవండి

డీజిల్ బండికి ఆయిల్ క్యాచ్ క్యాన్ (ఇంజిన్ ఆవిరితో వచ్చే ఆయిల్‌ను పట్టి ఉంచే డబ్బా) పెట్టించాలా వద్దా అని నెల రోజులు తేల్చుకోలేకపోయినాను. అడిగిన ప్రతి మెకానిక్కూ ఒక్కో మాట చెప్పినాడు. చివరికి తేల్చింది ఒక పాత తెల్లపంచె ముక్క.

ఇంజిన్ చల్లారినాక, ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకు (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే భాగం) పోయే గొట్టం క్లిప్పు వదులు చేయండి. ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి తెచ్చే బ్రీదర్ పైపు వచ్చి కలిసే చోటు దాటినాక లోపల గుడ్డతో తుడవండి. పలచగా జిడ్డు అంటితే మామూలే, క్యాన్ అక్కర్లేదు. గుడ్డ తడిసి చుక్క కారితే ముందు డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ పై గీత దాటినా ఇట్లే అవుతుంది. అదీ సరిగ్గా ఉంటేనే క్యాన్ కొనండి.

లోపల అడ్డుపలకలు ఉన్నదే తీసుకోండి, ఖాళీ డబ్బా దండగ. గొట్టం కంపెనీ పైపు సైజులోనే, ఆయిల్‌కు మెత్తబడని రబ్బరుది ఉండాల. బ్రీదర్ పైపు క్యాన్‌లోకి, క్యాన్‌లోంచి వచ్చే గొట్టం మళ్ళీ టర్బో గొట్టానికే కలపాల, గాలికి వదలొద్దు.

తిరుపతి ట్రాఫిక్కు, వారానికోసారి తిరుమల ఘాట్. నా క్యాన్‌లో 1000 కిలోమీటర్లకు రెండు స్పూన్ల నల్ల ఆయిల్ దిగింది. ఈజీఆర్ (పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) మసితో కలిసి, ఇంజిన్‌కు గాలి పంచే మానిఫోల్డ్‌లో తారులా పేరుకునేది ఇదే. మైలేజీ మాత్రం పెరగలేదు. ఇప్పటికే పేరుకున్న మసి కూడా దీంతో పోదు.

జాగ్రత్త: వారంటీ ఉన్న బండికి వద్దు. 1000 కిలోమీటర్లకోసారి ఒంపడం మరిచిపోయే వాళ్ళకూ వద్దు. క్యాన్ నిండితే ఆ ఆయిల్ ఇంజిన్‌లోకి పోవచ్చు, ఎక్కువగా పోతే తాళం తీసినా డీజిల్ ఇంజిన్ ఆగకుండా పరిగెత్తే ప్రమాదం ఉంది.