టైప్ 2 మధుమేహంలో కారణం తెలియకుండా చక్కెర అదుపు తప్పితే థైరాయిడ్‌ను ఎలా పరిశీలించుకోవాలి?

మందులు మారలేదు, తిండి మారలేదు, నడక మానలేదు. అయినా పరగడుపు చక్కెర పెరుగుతూనే ఉంటుంది, లేదా ఉన్నట్టుండి పడిపోతుంది. ఇటువంటప్పుడు మందు మోతాదు మార్చే ముందు థైరాయిడ్‌ను ఒకసారి పరీక్షించి చూడడం మంచిది.

ముందుగా కండరాల బలం చూసుకోండి. చేతులు ఛాతీపై కట్టుకుని, కుర్చీలోంచి ఊతం లేకుండా ఐదుసార్లు లేచి కూర్చోండి. తొడలు సహకరించకపోతే కారణాలు అనేకం ఉండవచ్చు గానీ, థైరాయిడ్ ఎక్కువైనా తక్కువైనా మొదట నీరసించేది ఈ కండరాలే. తరువాత చేతులు ముందుకు చాచి, వేళ్లపై పలుచని కాగితం పెట్టించుకోండి. అది సన్నగా వణుకుతూ ఉంటే ఆ సంగతి వైద్యులకు చెప్పండి.

కండరాలకూ చక్కెరకూ లంకె ఇది. కండరాల్లోని ప్రోటీన్ అతిగా కరగకుండా ఇన్సులిన్ కాపలా కాస్తుంది. టైప్ 2 మధుమేహంలో ఆ కాపలా సడలినప్పుడు థైరాయిడ్ హార్మోన్లు కూడా మితిమీరితే, ప్రోటీన్ విడిపోయి, దాని ముక్కలైన అమైనో ఆమ్లాలు రక్తంలోకి వస్తాయి. వాటిలో అలనిన్ కాలేయానికి చేరి గ్లూకోజ్‌గా మారుతుంది. అంటే రోగి తినని చక్కెర కూడా ఉదయం మీటర్‌లో కనిపిస్తుంది, నింద మాత్రం రాత్రి భోజనం మీద పడుతుంది. హార్మోన్లు తగ్గినప్పుడు కథ వేరు: శరీరంలో ఇన్సులిన్ నెమ్మదిగా తొలగుతుంది, కాలేయం గ్లూకోజ్‌ను తక్కువగా విడుదల చేస్తుంది, కనుక ఇన్సులిన్ వాడేవారిలో చక్కెర పడిపోయే ప్రమాదం పెరుగుతుంది.

ఇన్సులిన్ సరిగా పనిచేయనివారి రక్తంలో ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే అమైనో ఆమ్లాలు తరచుగా ఎక్కువగా ఉంటాయన్నది నిజమే. అయినా వాటిని కొలిచే పరీక్షలు పరిశోధకులకే పనికొస్తాయి. మీకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే, మెదడు కింది పిట్యూటరీ గ్రంథి హార్మోన్), అవసరమైతే ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా ఉన్న థైరాయిడ్ హార్మోన్) పరీక్షలు చాలు.

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి. లేకపోతే లేని థైరాయిడ్ ఆధిక్యం కాగితంపై కనిపించవచ్చు. రక్తం ప్రతిసారీ ఒకే వేళకు ఇవ్వండి, ఎందుకంటే టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. తీవ్రమైన జబ్బు చేసిన రోజుల్లో పరీక్ష వాయిదా వేయడమే మేలు.

టీఎస్‌హెచ్ సుమారు 0.4 నుంచి 4 mIU/L వరకు ఉంటే సాధారణంగా భావిస్తారు. మీ ప్రయోగశాల ఇచ్చిన హద్దులనే ప్రమాణంగా తీసుకోండి. హద్దు దాటి పెరిగితే థైరాయిడ్ మందగించిందని, బాగా తగ్గితే అతిగా పనిచేస్తోందని అనుమానించాలి. మెట్‌ఫార్మిన్ కొందరిలో టీఎస్‌హెచ్‌ను కొంత తగ్గిస్తుంది, కాబట్టి ఆ మాత్ర సంగతి దాచకండి. థైరాయిడ్ మందగించినవారిలో ఎర్రకణాలు నెమ్మదిగా మారడం వల్ల హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష) ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. దాన్ని రోజువారీ మీటర్ అంకెలతో పోల్చి చూడాలి.

థైరాయిడ్ మందగించినందుకు వైద్యులు లీవోథైరాక్సిన్ (టీ4 హార్మోన్ మాత్ర) రాస్తే, అల్పాహారానికి అరగంట నుంచి గంట ముందు, మంచినీళ్లతో వేసుకోండి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. టీ4 సగానికి తగ్గడానికే వారం పడుతుంది గనుక, మోతాదు మారాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ మళ్లీ పరీక్ష అక్కరకు రాదు. చక్కెరను మాత్రం అంతవరకు వదిలేయకూడదు: అతి థైరాయిడ్ అదుపులోకి వచ్చేకొద్దీ మధుమేహ మందు ఎక్కువై చక్కెర పడిపోవచ్చు. పరగడుపు అంకె పక్కనే, ఆ వారం కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలిగారో కూడా రాసి, వైద్యులకు చూపించండి.