జాన్స్‌టౌన్ వెళ్తే ముందు కట్ట దగ్గర ఆగండి, ఊరు తర్వాత

పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికొచ్చి మర్నాడు ఎటెళ్దాం అనుకునేవాళ్ళకి జాన్స్‌టౌన్ బావుంటుంది, 1889లో పైనున్న చెరువు కట్ట తెగి వరదకి కొట్టుకుపోయిన ఊరు, ఓ డెబ్బై మైళ్ళు. కాకపోతే చాలామంది నేరుగా ఊళ్ళోకెళ్ళి మ్యూజియం చూసి వచ్చేస్తారు, అలా చూస్తే పాపం వరదొచ్చిందట అనుకోవడం తప్ప ఏం అర్థం కాదు. నీళ్ళు ఎటునుంచి వచ్చాయో మీరూ అటునుంచే రండి.

రూట్ 22 మీద ఎబెన్స్‌బర్గ్ దాకా పోయి 219 సౌత్ పట్టుకుని సెయింట్ మైఖేల్ దగ్గర దిగితే నేషనల్ పార్క్ వాళ్ళ వరద మెమోరియల్ ఉంటుంది. కట్ట రెండు చివర్లు ఇంకా ఉన్నాయి, మధ్యలో పెద్ద గండి, కింద చిన్న వాగు, పక్కన రైలు పట్టాలు. ఇక్కడ హడావిడి పడొద్దు, అసలు కథంతా ఇక్కడే. ఇది మొదట పడవల కాలవకి నీళ్ళ కోసం స్టేట్ గవర్నమెంట్ కట్టించిన చెరువు, రైలు వచ్చాక కాలవ మూలపడింది, చెరువు చేతులు మారింది, మధ్యలో కొన్నాయన తూము పైపులు పీకించి పాత ఇనుము కింద అమ్మేశాడు. 1879లో ఇంకొకాయన కొని డబ్బున్నవాళ్ళకి చేపలూ వేటా క్లబ్బు పెట్టాడు, తర్వాత్తర్వాత ఫ్రిక్, కార్నెగీ, మెలన్ లాంటి పిట్స్‌బర్గ్ స్టీలు, బ్యాంకు కోటీశ్వరులు అందులో మెంబర్లు. తూము మళ్ళీ పెట్టలేదు, గుర్రబ్బళ్ళు ఎదురెదురుగా పోవాలని కట్ట ఎత్తు తగ్గించారు, చేపలు పోతాయని అలుగుకి జాలీ బిగించారు! కింద ఊళ్ళో కేంబ్రియా ఐరన్ కంపెనీ నడిపే మారెల్ ఈ కట్ట సంగతి చూడండని రాసినా పట్టించుకోలేదు. 1889 మే 31న పెద్ద వానకి మధ్యాహ్నం మూడు ప్రాంతంలో తెగింది.

ఇప్పుడు కారెక్కి 14 మైళ్ళు కిందికి దిగండి, నీళ్ళకి సుమారు గంట పట్టింది. దార్లో వైర్ ఫ్యాక్టరీని కూడా ఊడ్చుకొచ్చాయి, అందుకే ముళ్ళకంచెల్లో చిక్కుకుని జనం కదల్లేకపోయారు. ఊళ్ళో రాతి రైలు బ్రిడ్జి ఇప్పటికీ ఉంది, కొట్టుకొచ్చిన ఇళ్ళు, చెట్లు, కంచెలు అన్నీ దానికే అడ్డంపడి పైగా అంటుకున్నాయి. మొత్తం చనిపోయింది 2,200 మందికి పైగా. కేంబ్రియా కంపెనీ పుణ్యం కూడా కొంత ఉందిలెండి, చిట్టెం (ఇనుము కరిగించాక మిగిలే చెత్త) తెచ్చి ఒడ్డున పోసి పోసి ఏటిని ఇరుకు చేసేశారు.

తర్వాత సిటీ హాల్ మూల మీద నీటిమట్టం గుర్తులు చూడండి, పైన 1889, దాని కింద 1936, ఇంకా కింద 1977. 1936 తర్వాత ఆర్మీ ఇంజనీర్లు ఏర్లకి కాంక్రీటు గోడలు కట్టారు, ఇక మాకు వరదల్లేవు అని ఊరు గొప్పగా చెప్పుకుంది. 1977 జులైలో ఒక్క రాత్రి వానకి వరదొచ్చి, లారెల్ రన్ అనే కట్టతో పాటు ఇంకొన్ని కట్టలు తెగి, మొత్తం మళ్ళీ ఎనభై మందికి పైగా పోయారు, చాలామందికి ఈ సంగతే తెలీదు. కేంబ్రియాని 1923లో కొన్న బెత్లెహెమ్ స్టీల్ కూడా 1992లో ఇక్కడ మూసేసుకుంది. 1920లో 67 వేల మంది ఉన్న ఊళ్ళో 2020కి 18 వేలే.

మ్యూజియం ఆఖర్న పెట్టుకోండి, ఆ బిల్డింగు వరద తర్వాత కార్నెగీ డబ్బుతో కట్టిన లైబ్రరీయే, క్లబ్బు మీద వేసిన కేసులు మాత్రం ఒక్కటీ నిలవలేదు. టైముంటే 1891లో కట్టిన ఇంక్లైన్ (కొండవాలు మీద తాళ్ళతో లాగే రైలుపెట్టె) ఎక్కి కొండమీది వెస్ట్‌మాంట్‌కి వెళ్ళొచ్చు, రిపేర్లని మూసేస్తుంటారు కాబట్టి ముందే కనుక్కోండి, లేకపోతే కార్లోనే పైకి పోయి రెండు ఏర్లు కలిసే చోటు చూసి చీకటి పడకముందే హైవే ఎక్కేయండి.