బంకమట్టిలో దొరికిన చేప శిలాజం ఏ చేపదో పోల్చుకోవడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో చేప శిలాజాల కోసం వెతకొద్దు. ఇక్కడి ఖొండలైటు, చార్నొకైటు భూగర్భపు వేడికీ ఒత్తిడికీ రూపు మారిన రాళ్లు. వాటిలో ఎముక మిగలదు. సముద్రపు బంకమట్టి నమూనా కేరళలోని క్విలాన్ పొరల నుంచో, సుమారు 5 కోట్ల ఏళ్ల నాటి ఇంగ్లండు బంకమట్టి పొర లండన్ క్లే నుంచో తెచ్చుకోవాల్సిందే. పోల్చి చూసుకోవడానికి కావలసిన చేపలు మాత్రం కళింగపట్నం, భావనపాడు ఒడ్డున రోజూ దిగుతాయి.

కిలో మట్టిని నిమ్మకాయంత ముక్కలు చేసి గలగలమనేదాకా ఎండబెట్టండి. అప్పుడు నీళ్లు పోస్తే దానంతటదే విచ్చుకుంటుంది. లోపల చెమ్మ మిగిలితే ముద్దలా ఉండిపోతుంది. చేత్తో నలపకండి, ఎముకలు విరుగుతాయి. మళ్లీ ఎండబెట్టడమే దారి. 0.5 మి.మీ. జల్లెడలో సన్నధార కింద కడిగి, మిగిలింది ఆరాక 10 రెట్ల భూతద్దం కింద తడి కుంచెతో ఏరండి.

వెన్నుపూస దొరికితే ముందు సొరచేపదో కాదో తేల్చండి. ఎముక చేప పూస రెండు వైపులా గరాటులా లోపలికి పోయి, పక్కల గాడులతో ఉంటుంది. పైనా కిందా ముళ్లు విరిగిన మొదళ్లు కనిపిస్తాయి. సొర పూసకు ఆ మొదళ్లు ఉండవు, గుంటలే ఉంటాయి. పళ్లాల దొంతరలా ఒకదాని కింద ఒకటి పేర్చిన చదును పళ్లు లండన్ క్లేలో దొరికితే అది ఫిల్లోడస్ అనే అంతరించిన చేపది.

అన్నిటికన్నా నమ్మదగ్గది తలరాయి, అంటే ఓటోలిత్. చేప తలలో పక్కకు మూడు చొప్పున ఉంటాయి. చాలా సముద్రపు చేపల్లో సజిట్టా అనేదే పెద్దది. దాని లోపలి ముఖం మీది గాడిని వెలుతురు ఏటవాలుగా పడేలా పెట్టి చూడండి. గాడి ముందు భాగం ఎంత వెడల్పు, వెనక తోక తిన్నగా ఉందా వంగిందా అన్నదే చేప కుటుంబాన్ని చెబుతుంది. క్రోకర్ అనే సముద్రపు చేప రకాల్లో ఆ గాడి అచ్చం తోకకప్పలా ఉంటుంది: వెడల్పాటి తల, కిందికి వంగిన తోక. ఒకసారి చూస్తే మరిచిపోలేరు. కుడి ఎడమ రాళ్లు అద్దంలో బొమ్మల్లా ఉంటాయి, రెండు జాతులనుకోకండి. సముద్రపు జెల్లలో పెద్దది లాపిల్లస్, అంటే ఆ మూడింటిలో మరో రాయి. దాన్ని సజిట్టాతో పోల్చకండి.

పోలిక కోసం పచ్చి తలకాయలే తీసుకోండి. తలరాయి అరగొనైటు, అంటే సున్నపు పదార్థం. చింతపండు పులుసులో ఉడికితే గాడి అంచులు అరిగిపోతాయి. శిలాజాన్ని వెనిగర్‌తో కడగకూడదన్నదీ అందుకే. గాడి అరిగిపోయిన రాయికి జాతి పేరు పెట్టొద్దు, కుటుంబం దగ్గరే ఆగండి.

నల్లగా మెరిసే ఎముకల్లో పైరైటు, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉండొచ్చు. మన తీరపు చెమ్మగాలికి అది తెల్లటి పొడి కట్టి, గంధకం వాసన కొడుతూ ఎముకను పగలగొడుతుంది. బాగా ఆరబెట్టి, చెమ్మ పీల్చే సిలికా జెల్ సంచితో గాలి చొరని డబ్బాలో పెట్టండి. ఏ ఊరు, ఏ పొర, ఏ రోజు అన్న చీటీ కూడా అందులోనే వేయండి.