ఎర్రనీరు రాకముందే చాకుకు తాడు కట్టండి

జూన్ 14తో సముద్రంలో వేట నిషేధం ముగుస్తుంది. జులై వచ్చేసరికి గోదావరికి ఎర్రనీరు దిగుతుంది, ఆ నీటికి ఎదురీదుతూ పులస వస్తుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చే సమయానికి లంకల్లో చాలామందికి పడవే దారి. ఈ రోజుల కోసం వల బాగుచేసుకుంటారు, ఇంజను చూపించుకుంటారు. మొలలో దోపుకున్న చాకు సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

చాకు నీళ్ళలో పడితే పోయేది వందో రెండొందలో. దానికోసం పడవ అంచు మీదికి వంగడం, ఆ వెంటనే దూకడం, అసలు ప్రమాదం అక్కడ ఉంది. ఎర్రనీటిలో జానెడు లోతున ఏముందో కనిపించదు. ‘ఇక్కడే పడింది’ అని వేలు చూపించేలోపు ప్రవాహం పడవను ముందుకు తీసుకుపోయి ఉంటుంది. పడిన చాకును గోదావరికి వదిలేయండి. కాలువలో పడితే నీరు తగ్గాక పాత లౌడ్‌స్పీకరు అయస్కాంతానికి తాడు కట్టి గట్టు మీద నిలబడి వెతకవచ్చు.

పడకుండా ఉండాలంటే తాడు కట్టాలి. ఎక్కడ కట్టాలన్నదే తిరకాసు. మనవాళ్ళు తాళంచెవి కట్టినట్టే చాకునూ మొలతాడుకు కట్టేస్తారు. ఇప్పటి మొలతాళ్ళు చాలావరకు నైలానువి, చచ్చినా తెగవు. ఆ చాకు వలకో, ఇంజను ఫ్యానుకో చిక్కుకుంటే మనిషినే లాక్కుపోతుంది. మెడలో వేసుకోవడం అంతకన్నా చేటు. మణికట్టుకు పీటముడి వేయడమూ వద్దు. చాకు తాడుకూ నడుము బెల్టుకూ మధ్య నూలు దారంతో చిన్న ఉచ్చు వేయండి. ఆ దారం చాకు బరువును మోయాలి, గట్టిగా గుంజితే తెగాలి. ఇంటి దగ్గరే గుంజి చూసుకోండి. దారం తెగకపోతే పలచనిది మార్చండి. తాడు మాత్రం చెయ్యి చాచి కోయడానికి సరిపడేంత ఉంటే చాలు. ఎక్కువైతే కాళ్ళకు చుట్టుకుంటుంది.

లైఫ్ జాకెట్ వేసుకుంటే చాకు ఒర దాని పైన, రెండు చేతులకూ అందేచోట ఉండాలి. జాకెట్ కింద మొలలో ఉన్న చాకు అవసరానికి అందదు. కాలు వలలో చిక్కినప్పుడు ఏ చెయ్యి ఖాళీగా ఉంటుందో ముందే చెప్పలేం కదా. ఆ అవసరానికి మడత చాకు కన్నా ఒరలో పెట్టుకునే చిన్న చాకే మేలు. వరద నీటిలోని ఒండ్రు మడత కీలులోకి చేరితే తడి వేళ్ళతో తెరవడం కష్టం. పడవలో చాకుకు మొన అక్కరలేదు. సాన పట్టేవాడి చేత మొన గుండ్రంగా అరగదీయించండి. అంచులో సగానికి రంపపు పళ్ళు ఉంటే నైలాను తాడు త్వరగా తెగుతుంది.

బెండు కడితే తేలుతుందని కొందరి ధీమా. వరద గోదావరిలో మునిగినా తేలినా ఒకటే, దొరకదు. చెరువులోనో నిలకడ కాలువలోనో అయితే పనికొస్తుంది. అక్కడ కూడా చాకు, తాడు, బెండు కలిపి బకెట్టులో వేసి తేలుతుందో లేదో చూశాకే నమ్మాలి. పిడికి తెల్లగానో పసుపుపచ్చగానో గుడ్డ చుట్టండి. ఎర్రనీటిలో ఎరుపు కలిసిపోతుంది.

తెరిచిన చాకును తాడు మీద వేలాడదీయకండి. నరసాపురం–సఖినేటిపల్లి రేవులో జనాన్నీ బళ్ళనూ దాటించే పంటు పక్కనుంచి పోతే లేచే అల చాలు, చాకు తొడలో దిగడానికి. కూర్చునే కోయండి. అంచు మీవైపు గానీ పక్కవాడివైపు గానీ ఉండకూడదు. చాకును చేతి నుంచి చేతికి అందించవద్దు. ఒకరు చెక్క మీద పెట్టాక ఇంకొకరు తీసుకోవాలి.

రొయ్యల చెరువుల దగ్గర పానాలు, స్క్రూడ్రైవర్లు నీళ్ళలో జారడం రోజూ ఉండే తంతే. తెప్ప మీద వాటిని విడిగా పెట్టకుండా చిన్న టబ్బులో వేసి, టబ్బును తెప్పకు కట్టండి. చెరువు నీటికి గాలి అందించే ఏరేటరు యంత్రాన్ని విప్పే ముందు గట్టు మీద మెయిన్ ఆపి, ఫ్యూజు ఊడదీసి జేబులో వేసుకోండి. ఎవరో వచ్చి స్విచ్చి వేస్తే నీళ్ళలో నిలబడ్డవాడిని కటింగ్ ప్లయరు పిడికున్న ప్లాస్టిక్ తొడుగు కాపాడదు.

ఇంటికి రాగానే చాకును మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, కొబ్బరినూనె రాయండి. ఉప్పునీరు తగిలిన ఇనుము రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. తడిసిన తోలు ఒరలో చాకును దాచవద్దు.

తెగితే గుడ్డతో అదిమిపెట్టి రక్తం ఆపండి. తర్వాత సబ్బు, శుభ్రమైన నీళ్ళతో కడగండి. పసుపు, సున్నం, ఇంజను ఆయిలు పూయకండి. వరద నీరు తగిలిన గాయమైతే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి అడగండి. నది సముద్రంలో కలిసే మొగల దగ్గర, ఉప్పునీరు కలిసేచోట అయిన గాయం గంటల్లో వాచి, ఎర్రబడి, జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. చక్కెర వ్యాధి, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళయితే వాపు కోసం కూడా చూడకుండా వెంటనే బయలుదేరాలి.