సౌరగాలిలో అయస్కాంత క్షేత్రం ఠక్కున తిరిగిన పొర నిలుస్తుందో లేదో చూడడం ఎలా

సౌరగాలి అంటే సూర్యుడి నుంచి నిరంతరం వీచే ప్లాస్మా, అంటే విద్యుదావేశ కణాల వాయువు. ముందు వ్యోమనౌక డేటాలో క్షేత్రం దిశ కొన్ని పదుల సెకన్లలోనే మారిపోయిన చోటు పట్టుకోండి. శ్రీహరికోట నుంచి 2023లో వెళ్లిన ఆదిత్య-ఎల్1లోనూ ఈ క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటర్ ఉంది.

తర్వాత పొరకు లంబ దిశ కావాలి. 1967లో శాస్త్రవేత్తలు సోనెరప్, కాహిల్ వాడిన పద్ధతిలో క్షేత్రం ఏ దిశలో అతి తక్కువగా మారిందో అదే లంబం, కానీ మధ్య, కనిష్ఠ ఐగెన్ విలువలు (మూడు దిశల్లో క్షేత్రం ఎంతెంత మారిందో చెప్పే సంఖ్యలు) దగ్గరదగ్గరగా ఉంటే దాన్ని అస్సలు నమ్మొద్దు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఐరోపా అంతరిక్ష సంస్థ పంపిన నాలుగు క్లస్టర్ నౌకలను పొర ఏ క్షణంలో దాటిందో చూసి లెక్కిస్తే, ఒకే నౌక డేటాతో రొటేషనల్ (క్షేత్రరేఖలు పొరను దాటి వెళ్లే రకం) అనుకున్న చాలా పొరల్లో లంబ క్షేత్రం దాదాపు సున్నా అని, అంటే అవి టాంజెన్షియల్ (క్షేత్రం పొరను దాటకుండా దాని వెంటే ఉండే రకం) కావచ్చని తేలింది. నాకైతే ఈ విషయం చాలా ముఖ్యం అనిపిస్తుంది.

రొటేషనల్ అయితే ప్లాస్మా వేగంలో వచ్చిన మార్పు ఆల్ఫ్వెన్ వేగం (క్షేత్రరేఖల వెంట అయస్కాంత అలలు సాగే వేగం)లోని మార్పుతో సరిపోవాలి, టాంజెన్షియల్ అయితే రెండు పక్కలా మొత్తం పీడనం సమానంగా ఉండాలి.

ఇక స్థిరత్వం. రెండు పక్కలా సాంద్రత, క్షేత్ర బలం ఒకటే అయి క్షేత్రం ప్రవాహం వెంటే ఉంటే, వేగాల తేడా ఆల్ఫ్వెన్ వేగానికి రెట్టింపు దాటితేనే కెల్విన్-హెల్మ్‌హోల్ట్జ్ సుడులు పుడతాయి. క్షేత్రం 5 నానోటెస్లా, ఘనసెంటీమీటరుకు 5 ప్రోటాన్లు ఉంటే ఆ హద్దు సుమారు 100 కి.మీ./సె. క్షేత్రం ప్రవాహానికి అడ్డంగా ఉంటే సుడులను ఆపే ఈ రక్షణ ఉండదు, కాబట్టి కోణం తప్పకుండా చూడండి. పొర మందం కూడా కొలవండి: అది అయాన్ జడత్వ దూరానికి (అయాన్ల కదలిక క్షేత్రం నుంచి విడిపోవడం మొదలయ్యే దూరం), అంటే ఇక్కడ 100 కి.మీ. దగ్గరికి పలచబడితే, టేరింగ్ (క్షేత్రరేఖలు తెగి మళ్లీ కలిసే అస్థిరత) వల్ల తెగే అవకాశం పెరుగుతుంది.