తప్పటడుగుల వేళ తోపుడు బండి: కొనేముందు, చేతికిచ్చేముందు

నడక నేర్చుకోవడానికి పిల్లలకు ఏ బొమ్మా అవసరం లేదు. మంచం కోడునో, అమ్మమ్మ మోకాలినో పట్టుకుని లేవడం, గోడ వెంట పక్కకు అడుగులు వేయడం, చేయి వదిలి కూలబడి మళ్లీ లేవడం ద్వారానే కాళ్లకు బలం, ఒంటికి నిలకడ వస్తాయి. ఆరోగ్యవంతులైన పిల్లలు సుమారు 8 నుంచి 18 నెలల మధ్య ఎప్పుడైనా సొంతంగా నడవవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలనలో తేలింది కనుక, పక్కింటి బిడ్డకు అరిసెలు పంచారని మనం తొందరపడి బండి కొననక్కర్లేదు.

అయినా ముచ్చటపడి కొంటాం. మూడు చక్రాల చెక్కబండి మన ఇళ్లలో పాతకాలం నుంచీ ఉన్నదే. బిడ్డ తనంతట తాను లేచి, ఏదైనా పట్టుకుని అడుగులు వేయగలిగాకే దాన్ని చేతికివ్వాలి. పిల్లలు పిడిని పట్టుకుని పైకి లేవబోతారు కాబట్టి, కొనేముందు దాన్ని గట్టిగా కిందికి నొక్కి, మీవైపు లాగి చూడండి. బండి ఒరిగితే వద్దు. నున్నటి టైల్స్ మీద చక్రాలు బిడ్డకంటే ముందు పరుగెత్తుతాయి, అందువల్ల తడి లేని నేల మీద, మేజోళ్లు లేకుండా, పెద్దవారు చేయి అందించేంత దగ్గరలో ఉండగానే నడిపించాలి.

కూర్చోబెట్టి వదిలే వాకర్‌ సంగతి వేరు, దాన్ని నేను అసలు వద్దంటాను. అది నడకను త్వరపెట్టదు; పైగా సెకనుకు దాదాపు మీటరు దూరం దూసుకెళ్లగలదు కనుక, కళ్లెదుటే ఉన్నా మనం అందుకునేలోపు బిడ్డ మెట్ల దాకా చేరుతుంది. కెనడా 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది.

బండి ఇంట్లోకి రాకముందే మెట్లకు పైనా కిందా గేటు, వంటింటి గడపకు అడ్డుపలక పెట్టించండి. వార్చిన గంజి, దించిన పప్పుగిన్నె నేలమీద ఉంచవద్దు. స్నానాలగదిలో బకెట్లు ఖాళీచేసి తలుపు మూయండి, ఎందుకంటే కొద్దిపాటి నీటిలో తల మునిగినా ప్రాణాపాయమే. పాటలు పాడే బండైతే బ్యాటరీ మూత స్క్రూతో బిగిసి ఉందో లేదో తప్పక చూడాలి. బిళ్లలాంటి బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

18 నెలలు నిండినా నడవకపోయినా, ఎప్పుడూ మునివేళ్ల మీదే నిలబడుతున్నా, ఒక కాలినే ఈడుస్తున్నా బొమ్మల దుకాణానికి కాక పిల్లల వైద్యుని దగ్గరకు వెళ్లండి.